చెరువు నిండింది, పిట్టలు రాలేదు. ఎందుకు?

చెరువుగట్టు
మాది చీపురుపల్లి దగ్గర పల్లె. చెరువు గట్టును ఆనుకునే మా ఇల్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దసరా వెళ్ళేసరికి మా చెరువులో బాతులు దిగుతాయి. నిరుడు చెరువు సగం కూడా నిండలేదు, అయినా రెండు వందలకు తక్కువ రాలేదు. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, అలుగు పారింది, నీళ్ళు గట్టు అంచును తాకుతున్నాయి. సిరిమానోత్సవం కూడా అయిపోయింది. చెరువు చూస్తే నాలుగు తెల్లకొంగలు, ఒక నీటికాకి. నీళ్ళు లేని ఏడు వచ్చిన పిట్టలు నీళ్ళున్న ఏడు రాకపోవడం ఏమిటి? మా నాన్నగారు రోజూ అడుగుతున్నారు. ఆయనకు చూపు బాగా తగ్గిపోయింది. కూత విని పిట్టను చెప్పగలరు. వరండాలో కుర్చీ వేసుకుని తెల్లవారుజాము నుంచి చెరువు వైపే చెవి పెట్టి కూర్చుంటున్నారు. ఆయనకు ఏం చెప్పాలో తోచక ఇక్కడ అడుగుతున్నాను.

ఉప్పుమడి
మా నౌపడా ఉప్పు మడుల్లోకి ఉల్లంకి పిట్టలు (బురద అంచుల్లో పురుగులు ఏరుకునేవి) ఆగస్టు చివరికే వచ్చాయి. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. వలస ఆగలేదు. తేడా ఏదైనా ఉంటే మీ చెరువులోనే ఉంది.

రైతుబిడ్డ
మీ ఊళ్ళో సెల్ టవరు పెట్టారా? మా దగ్గర టవరు వచ్చాకే పిచ్చుకలు పోయాయి. బాతులకూ అదే కారణం అయి ఉంటుంది.

బొబ్బిలి_వీణ
రైతుబిడ్డ గారూ, మా ఊరి టవరు చెరువుకు వంద అడుగుల దూరంలో ఉంది. చిలువ బాతులు ఏటా వస్తున్నాయి. టవరు కమ్మీల మీద గద్ద గూడు కూడా ఉంది. పిచ్చుకలు తగ్గడానికి పెంకుటిళ్ళు పోవడం, చూరులు లేకపోవడం కారణం కావచ్చు. అన్నీ టవరు మీద వేస్తే అసలు కారణం వెతకడం మానేస్తాం.

టెక్కలి_మాస్టారు
చెరువుగట్టు గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. చెరువు నిండింది కాబట్టే పిట్టలు లేవు.

కొంచెం వివరంగా చెబుతాను. మన దగ్గరికి వలస వచ్చే బాతుల్లో ఎక్కువ రకాలు మునిగి తినవు. తల కిందకు, తోక పైకి పెట్టి, మెడ అందినంత లోతులో ఉన్న గింజలు, నాచు, పురుగులు తింటాయి. అంటే వాటికి కావలసింది మోకాలి లోతు నీళ్ళు. ఉల్లంకులకు అది కూడా ఎక్కువే. వాటికి చీలమండ లోతు చాలు, తడి బురద అయితే ఇంకా మంచిది. గట్టు దాకా నిండిన చెరువు వాటికి నీళ్ళున్న ఎడారి. దిగినా ముక్కుకు నేల అందదు.

నిరుడు సగం చెరువే నిండింది అన్నారు. అంటే చుట్టూ బురద అంచు, పలుచటి నీళ్ళు. రెండు వందల బాతులు అందుకే వచ్చాయి. వానలు బాగా పడిన ఏడు ఇంకొక సంగతి కూడా ఉంటుంది. ప్రతి గుంటలో, ప్రతి మడిలో నీళ్ళుంటాయి. పిట్టలు ఒక్క చెరువు మీద ఆధారపడనక్కరలేదు, విడివిడిగా పరుచుకుంటాయి. కరువు ఏడాది ఉన్న ఒకటి రెండు చెరువుల్లోనే గుమిగూడతాయి. మనకు అప్పుడు 'ఎక్కువ వచ్చాయి' అనిపిస్తుంది.

మీరు గట్టు వైపు నుంచి చూస్తున్నారు. చెరువులో అన్నిటికన్నా లోతు అక్కడే. గెడ్డ (వాగు) వచ్చి కలిసే వైపు వెళ్ళి చూశారా?

చెరువుగట్టు
లేదు మాస్టారూ. అటు దారి లేదు, పొలాల గట్ల మీద నడిచి వెళ్ళాలి. ఇంకొక మాట. పోయిన వేసవిలో రోడ్డు పనికి మా చెరువులో మట్టి తవ్వారు. పెద్ద యంత్రాలు రెండు నెలలు తిరిగాయి. గట్టు వైపు, పడమర వైపు నిట్టనిలువుగా కోసేశారు. ఇదివరకు గేదెలు నడిచి దిగేవి, ఇప్పుడు దిగలేక ఒడ్డున నిలబడుతున్నాయి. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

గెడ్డనీరు
ఉంటుంది! మా ఊళ్ళో (గజపతినగరం వైపు) ఇదే జరిగింది. మూడేళ్ళ క్రితం పూడిక తీస్తున్నామని చెరువును బావిలాగా తవ్వారు. అప్పటి నుంచి నీటికాకులు తప్ప ఇంకేమీ లేవు. అవి మునిగి చేపలు పట్టుకుంటాయి కాబట్టి వాటికి లోతుతో ఇబ్బంది లేదు. ఉల్లంకులు కానీ, కంకణం పిట్టలు (వంకర ముక్కువి) కానీ ఒక్కటి దిగలేదు. గుడ్డికొంగ కూడా ఒడ్డు మీద నిలబడి చూసి వెళ్ళిపోతుంది.

చేపలరేవు
పూడిక తీయకపోతే చెరువు ఎందుకు? వ్యవసాయానికి నీళ్ళు ఎలా నిలుస్తాయి? పిట్టల కోసం చెరువు పూడిపోనివ్వాలా? నేను పంచాయతీ చెరువు వేలంపాట పాడి చేపలు పెంచుతున్నాను. తల తాకట్టు పెట్టి పెట్టుబడి పెట్టాను. నీటికాకులు ఒక గుంపు దిగితే పొద్దుటికి పిల్ల చేపలు మాయం. పిట్టలు చూడడం మీకు సరదా, నాకు నష్టం.

టెక్కలి_మాస్టారు
చేపలరేవు గారూ, మీ బాధలో న్యాయం ఉంది. పూడిక తీయవద్దని నేను అనలేదు. తీసే పద్ధతి గురించే నా మాట. మధ్యలో, గట్టు వైపు లోతు చేయండి. గెడ్డ కలిసే వైపు మాత్రం వాలుగా వదిలేయండి. అప్పుడు గేదెలూ దిగుతాయి, పిల్లలు జారి పడినా పైకి రాగలుగుతారు, పిట్టలకూ చోటు ఉంటుంది. నిలువుగా కోసిన ఒడ్డు మొదటి వానకే విరిగిపడి మళ్ళీ చెరువునే పూడుస్తుంది.

ఉప్పుమడి
చేపలరేవు గారూ, మీరు చెరువు మీద నైలాను దారాలు కట్టారా? కోపంగా అడగడం లేదు. పోయిన నవంబరులో మా దగ్గర ఒక చేపల చెరువులో దారానికి చిక్కుకున్న పిట్టను విడిపించాను. ఉల్లంకి జాతిదే. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. రెక్క మొదట్లో దారం ఈకలు కోసి చర్మం దాకా దిగింది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, విడివిడి దెబ్బలు తెలియలేదు, చేతిలో ఒక వణుకులాగా ఉంది. చిన్న కత్తెరతో ఒక్కొక్క పోగు కోసి తీశాను. ఎగిరింది కానీ ఎంత దూరం వెళ్ళగలిగిందో తెలియదు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి మన దారానికి చిక్కుకోవడం చూస్తే మనసు ఊరుకోదు.

చేపలరేవు
కట్టాను. అబద్ధం చెప్పను. కట్టకపోతే ఏం చేయమంటారు?

వానకోయిల
చేపలరేవు అన్నయ్యా, ముందు ఒక్క సంగతి. మీ చేపలకు నష్టం చేసేవి నీటికాకులు, కొంగలు, గూడబాతులు (పెలికాన్లు). వలస వచ్చే సూదితోక బాతులు, గార్గనీలు అనే చిన్న బాతులు చేపల జోలికి రావు. గింజలు, గడ్డి దుంపలు, నీటి పురుగులు తింటాయి. వాటిని చూసి టపాసులు కాల్చడం అనవసరం. దారాలు కట్టక తప్పదంటే పిల్ల చేపలు ఉన్న మూల మీదే కట్టండి, దారం మీద తెల్ల గుడ్డ పీలికలు వేలాడదీయండి. పిట్టకు అవి దూరం నుంచే కనపడతాయి. చిక్కుకోదు, దిగకుండా పక్కకు వెళ్ళిపోతుంది. మీకు కావలసింది కూడా అదే కదా.

చేపలరేవు
గుడ్డ పీలికల మాట బాగుంది. ఆలోచిస్తాను.

ఉద్దానం_కొబ్బరి
ఈ తగవులన్నీ పక్కన పెట్టి అందరూ ఒకసారి తేలినీలాపురం రండి. టెక్కలి దగ్గరే. సైబీరియా నుంచి వచ్చిన పిట్టలు చింతచెట్ల మీద గూళ్ళు పెట్టి పిల్లలను చేస్తున్నాయి. ఊరి వాళ్ళు వాటిని పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలలాగా చూసుకుంటారు. ఒక్కరు రాయి విసరరు.

టెక్కలి_మాస్టారు
ఊరి వాళ్ళ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ అవి సైబీరియా పిట్టలు కావు. తేలినీలాపురంలో గూళ్ళు కట్టేవి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. రెండూ మన ఉపఖండం పిట్టలే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి, పిల్లలు ఎగరడం నేర్చాక మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్ళిపోతాయి. వెళ్ళేది మన దేశంలోనే ఇతర చెరువులకు.

ఉద్దానం_కొబ్బరి
మాస్టారూ, చిన్నప్పటి నుంచి పేపర్లలో సైబీరియా అనే చదువుతున్నాం. మా తాతగారూ అదే చెప్పేవారు. అందరూ తప్పేనా?

టెక్కలి_మాస్టారు
ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. వలస పిట్ట చలి తప్పించుకోవడానికి వస్తుంది, తిరిగి వెళ్ళాక తన చోట గూడు కడుతుంది. ఇక్కడ గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుతున్న పిట్టకు ఇదే పుట్టిల్లు. మీ తాతగారి మాటలో 'పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల' అన్నది నిజం, సైబీరియా అన్నది కాదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలూ అంతే. అవి తొలకరితో జూన్ ప్రాంతంలోనే వస్తాయి. వరి మడుల్లో నత్తలు ఉండే కాలం అది. ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది, నత్తను పట్టడానికి పనికొస్తుంది.

బొబ్బిలి_వీణ
ఆ నత్తలు వరి నారును తింటాయి. కాబట్టి ఆ కొంగ రైతుకు కూలి అడగని కూలీ.

ఉద్దానం_కొబ్బరి
సరే మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. మరి నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి ఏవి?

వానకోయిల
నేను చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. సూదితోక బాతు సైబీరియా దాకా గూళ్ళు కడుతుంది. ఉల్లంకుల్లో చాలా రకాలు అక్కడివే. చెరువు ఒడ్డున నడుస్తూ నడుము అదేపనిగా ఊపే చిన్న పిట్టను చూసే ఉంటారు, అదీ ఉల్లంకే. ఛాతీ పక్క నుంచి భుజం మీదికి తెల్లగా ఒక గాటు ఉంటుంది. దాని బరువు యాభై గ్రాములు. ఇక పట్టెతల బాతు మంగోలియా, టిబెట్, లదాఖ్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. దాని వీపున యంత్రం కట్టి చూసిన శాస్త్రవేత్తలు 7 వేల మీటర్ల పైన కూడా ఎగిరినట్టు నమోదు చేశారు. మన పొరుగున చిలికా సరస్సులో ఏటా దిగుతుంది. కరెంటు తీగల మీద ఇప్పుడు వరుసగా కూర్చుంటున్న వానకోయిలలు కూడా ఉత్తరాది నుంచే వచ్చాయి. నా పేరు అందుకే పెట్టుకున్నాను. ఈ దారులన్నిటినీ కలిపి మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ముప్ఫై దేశాల మీదుగా సాగుతుంది. మన జిల్లాల చెరువులు ఆ దారిలో మజిలీలు.

పాత_తాటాకు
పక్కకు వెళుతున్నానని కోపగించకండి. కావ్యాలలో చక్రవాకం అని చదువుతాం కదా, పగలు జంటగా, రాత్రి ఏటికి ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి. అది కల్పన అనుకునేవాడిని. వంశధార సంగమం దగ్గర, కళింగపట్నంలో, ఒక జనవరి పొద్దున నారింజ రంగు బాతులు ఇసుక తిన్నె మీద కనపడ్డాయి. పక్కనున్న ఆయన 'ఇదే చక్రవాకం, బాపన బాతు అని కూడా అంటారు' అని చెప్పారు. యాభై ఏళ్ళుగా పద్యాలలో ఉన్న పిట్ట కళ్ళ ముందు నిలబడి ఉంది. చాలాసేపు మాట రాలేదు.

ఉప్పుమడి
పక్కకు వెళ్ళడం కాదు తాటాకు గారూ, ఇలాంటివి ఇంకా రాయండి.

చెరువుగట్టు
ఈ రోజు పొద్దున గెడ్డ వైపు వెళ్ళాను. టెక్కలి మాస్టారు చెప్పినట్టే ఉంది! అటు తవ్వలేదు. తుంగ, తామరాకులు, మధ్యలో పలుచటి నీళ్ళు. దాదాపు నలభై బాతులు. కానీ అన్నీ ఒకే గోధుమ రంగు. మగవీ ఆడవీ తేడా లేదు. పుస్తకంలో బొమ్మ ఒక్కటీ కలవడం లేదు. నిరుడు జనవరిలో చూసినవి రంగురంగులుగా ఉండేవి. ఇవి పిల్లలా?

బొబ్బిలి_వీణ
ఆడ సూదితోక బాతులు అని నా అంచనా.

వానకోయిల
అన్నీ ఆడవి కావు. మగ బాతులు ఎండాకాలం చివర మెరుపు ఈకలు రాల్చేసి, కొన్ని నెలలు ఆడవాటిలాగే మట్టి రంగులో ఉంటాయి. రెక్క ఈకలు కూడా ఒకేసారి రాలి కొన్నాళ్ళు ఎగరలేవు, అప్పుడు రంగులు ఉంటే ప్రాణానికి ముప్పు. మన దగ్గరికి అక్టోబరులో వచ్చేసరికి ఇంకా ఆ పాత వేషంలోనే ఉంటాయి. మీ పుస్తకంలో ఉన్నది పెళ్ళి బట్టలతో ఉన్న ఫోటో. కాబట్టి రంగు వదిలేసి ఆకారం చూడండి. మెడ పొడవా? తోక మొనతేలి ఉందా? ముక్కు గరిటెలాగా ఉందా? మొహం మీద చారలు ఉన్నాయా? పొద్దున తూర్పు ఒడ్డున నిలబడండి, సూర్యుడు మీ వెనక ఉండాలి. లేకపోతే అన్నీ నల్లగానే కనపడతాయి. దుర్భిణి 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) అయితే చాలు. అంతకన్నా పెద్దది చేతిలో వణుకుతుంది.

చెరువుగట్టు
దుర్భిణి లేదమ్మా. మేనల్లుడి ఫోనులో పెద్దది చేసి చూశాను. మెడ పొట్టి. కంటి పైన తెల్ల చార, కంటి మీదుగా నల్ల చార, దాని కింద బుగ్గ మీద ఇంకొక నల్ల గీత. ముక్కు మొదట్లో తెల్ల మచ్చ. కొన్ని ఎగిరినప్పుడు రెక్క ముందు భాగం బూడిద నీలంగా మెరిసింది.

వానకోయిల
గార్గనీలు! చారల మొహం వేరే ఏ చిన్న బాతుకూ అంత స్పష్టంగా ఉండదు. రెక్క నీలంగా మెరిసినవి మగవి. అందరికన్నా ముందు వచ్చే బాతులు ఇవే. మగవాటి అసలు రంగు ఫిబ్రవరి దాకా రాదు.

బొబ్బిలి_వీణ
నా అంచనా తప్పింది. నేర్చుకున్నాను.

రైతుబిడ్డ
టవరు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి అడగాలి. మా వైపు దీపావళి ముందు రాత్రుళ్ళు కొందరు దీపాలు పట్టుకుని వలలు వేసి బాతులు పడతారు. సంతలో చాటుగా అమ్ముతారు. దీని గురించి ఎవరూ మాట్లాడరేమిటి?

గెడ్డనీరు
మా ఊళ్ళోనూ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ శాఖ వారికి చెబితే వస్తారు. కానీ పట్టేవాళ్ళు మనవాళ్ళే, పక్క వీధి వాళ్ళే. నేను ఒకసారి చెప్పాను, ఆరు నెలలు మాతో మాటలు లేవు. అయినా ఆ ఏడు వల పడలేదు. మళ్ళీ చెప్పవలసి వస్తే చెబుతాను.

టెక్కలి_మాస్టారు
చెరువుగట్టు గారూ, మీ నలభై లెక్కను ఈబర్డ్ (చూసిన పిట్టల లెక్కలు రాసే వెబ్‌సైటు)లో నమోదు చేయండి. తేదీ, చోటు, సంఖ్య చాలు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి ఏటా చేస్తున్నారు. దానికి మీ చెరువు లెక్క కూడా కావాలి. గుంపు పెద్దదైతే పది పిట్టలు లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో చూసి, దానితో మిగతా గుంపును కొలవండి. ఇంకొకటి. నవంబరులో వరికి తూము వదులుతారు కదా. నీళ్ళు తగ్గేకొద్దీ గట్టు వైపు కాకుండా గెడ్డ వైపు నుంచి నేల తేలుతుంది. అసలు పండగ అప్పుడు.

చేపలరేవు
నిన్న సాయంత్రం మా చెరువు మీది దారాల్లో సగం విప్పేశాను. పిల్ల చేపలు ఉన్న మూల మాత్రం ఉంచి, పాత పంచె చింపి పీలికలు కట్టాను. నీటికాకులు వచ్చి రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయాయి. ఇంకో వారం చూసి చెబుతాను. గెడ్డ వైపు తవ్వవద్దన్న మాట కూడా వచ్చే పంచాయతీ సమావేశంలో అడుగుతాను. గేదెల సంగతి చెబితే వింటారు, పిట్టల సంగతి చెబితే వినరు.

వానకోయిల
అన్నయ్యా, గేదెల సంగతే చెప్పండి!

చెరువుగట్టు
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. తూము వదిలి పది రోజులైంది. నీళ్ళు తగ్గాయి. నిన్న తెల్లవారకముందే నాన్నగారిని బండి మీద కూర్చోబెట్టుకుని పొలాల దారిన గెడ్డ వైపు తీసుకువెళ్ళాను. మంచు పడుతోంది. బురద వాసన, ఎండిన తుంగ వాసన. ఆయన్ను గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టాను. ఏమీ కనపడని వెలుతురు. నాకైతే ఏ పిట్టా కనపడలేదు. అంతలో బురద మీద నుంచి ట్యూ, ట్యూ, ట్యూ అని మూడుసార్లు, గట్టిగా, స్పష్టంగా. నాన్నగారు చెయ్యి ఎత్తి నన్ను కదలవద్దన్నారు. మళ్ళీ మూడుసార్లు. 'వచ్చిందిరా, మూడు కూతల పిట్ట. మీ అమ్మ ఉన్నప్పుడు వినేవాళ్ళం' అన్నారు. వెలుగు వచ్చాక చూస్తే పొడుగు కాళ్ళు, ముక్కు కొంచెం పైకి వంగి ఉంది, ఎగిరితే వీపు తెల్లగా కనపడింది. దీని పేరు ఏమిటి?

వానకోయిల
గ్రీన్‌షాంక్. పచ్చకాళ్ళ ఉల్లంకి అనుకోవచ్చు. నాన్నగారు పెట్టిన పేరు ఇంకా బాగుంది.

చెరువుగట్టు
రేపు కూడా తీసుకువెళ్ళమంటున్నారు. కుర్చీ అక్కడే పొలం వాళ్ళ పాకలో పెట్టి వచ్చాను.